అరచేతి ఆటపెట్టె – అది పలుకు భాష

రచ్చబండమీద బొగ్గుతోనో సుద్దతోనో గీసిన పులిజూదపు పటమును ఎఱుగని తెలుగు పల్లె అరుదు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము, గౌరిబిదనూరు ప్రాంతములలో తరతరములుగా నిలిచిన మన కుటుంబములకు ఆ పటము రెండు పేర్లతో పరిచితము. మన యింట అది పులిజూదము. పొరుగింటి కన్నడ సోదరులకు అదియే ఆడు హులి ఆట. మన వామనగుంటలు వారికి అళిగుళి మణె. మన గవ్వలాట వారికి చౌకాబార. పేరు మారినది గాని ఆట మారలేదు. మూడు పులులు, పదునైదు మేకలు, గీతలు కలియు ఇరువది మూడు చోట్లు – ఇంతే సామగ్రి. హంపీ శిథిలములలో రాతినేలపై చెక్కిన ఆటపటములు నేటికిని కనబడుచున్నవి. శిల్పులో, కావలివారో, యాత్రికులో, ఎవరు చెక్కిరో గాని, ఆ పటములకు చెక్కినవాని పేరు లేదు.

పేరు లేకుండుట ఈ ఆటలకు లోపము కాదు. వీనికి యజమాని లేడు. నియమములు అందఱెఱిగినవే. ఒక ఊరివారు మూడు పులులతో ఆడిన, వేఱొక ఊరివారు నాలుగింటితో ఆడుదురు. ఎవరి అనుమతియు కోరరు. గులకరాళ్ళు, చింతపిక్కలు, గవ్వలు చాలును. ఆడుచు పలుకు మాటలు ఎవరి ఇంటి మాటలు వారివి. నేడు మన పిల్లల అరచేత వెలుగుచున్న పెట్టెలో ఆట యున్నది, పటమున్నది, పులియు నున్నది. కాని ఆ ఆట ఎవరి సొత్తు, అది పలుకు భాష ఎవరు నిర్ణయించిరి అను ప్రశ్న మన ఇండ్లలో వినబడుట అరుదు. ఈ వ్యాసమున మేము ఆ పెట్టె చరిత్రను, అందును ముఖ్యముగా లినక్స్ అను స్వేచ్ఛావ్యవస్థపై నడచు ఆటపెట్టెల చరిత్రను చెప్పదలచితిమి. విదేశములలో నడచిన కథయే యైనను, అందు ఒక ముఖ్యఘట్టము మన పొరుగున, బెంగుళూరులో జరిగినది.

అరచేతి ఆటపెట్టెకు ఆద్యులలో ఒకడు జపానువాడగు గున్‌పేయ్ యొకోయి. ఆయన పనిచేసిన నింటెండో సంస్థ 1980లో గేమ్ అండ్ వాచ్ అను చిన్న పెట్టెలను, 1989లో గేమ్‌బాయ్ అను ప్రసిద్ధయంత్రమును వెలువరించెను. కొత్త వస్తువులకై పరుగులిడక, పాతబడి చౌకయైన భాగములనే కొత్తరీతిగా వాడుట యొకోయి సిద్ధాంతము. అందువలననే గేమ్‌బాయికి రంగుల తెర లేదు. కాని నాలుగు చిన్న బ్యాటరీలతో అది గంటల తరబడి నడచెడిది. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో కల్పించిన టెట్రిస్ అను ఇటుకలాట ఆ పెట్టెలో చేరి లోకమంతయు తిరిగినది. గేమ్‌బాయ్ మన పల్లెలకు రాలేదు. దాని నీడ వచ్చినది. 1990ల దశకమున జాతరలలో బొమ్మల అంగళ్ళయందు బ్రిక్ గేమ్ అను పేర అమ్ముడైన ప్లాస్టిక్ పెట్టెలను నేటి నడివయస్కులు మఱచియుండరు. వేలకొలది ఆటలున్నవని అట్టపై వ్రాతయుండెడిది. లోపల నున్నవి వ్రేళ్ళమీద లెక్కింపదగినవే!

ఈ పెట్టెలన్నిటికిని ఒక సామాన్యలక్షణము కలదు. వానికి తాళము వేసియున్నది. ఇచ్చట తాళమనగా ఇనుపతాళము కాదు. ఆట యనునది యంత్రమునకిచ్చు ఆజ్ఞల వరుస. ఆ ఆజ్ఞలను మనుష్యులు చదువగల రూపమున వ్రాసినదానిని సోర్స్ కోడ్ అందురు; మనము మూలలిఖితమందము. వర్తకుడు మూలలిఖితమును తన యొద్ద దాచుకొని, యంత్రమునకు మాత్రమే తెలియు రూపమున ఆటను విక్రయించును. పులుసు పోయుదురు గాని పాళ్ళు చెప్పరన్నమాట. ఉప్పు తక్కువైనదని తోచినను మనము కలుపరాదు. ఆటలోని మాటలు ఇంగ్లీషున నుండిన, వానిని తెలుగు చేయుటకు మనకు దారి లేదు, హక్కును లేదు.

ఈ పద్ధతికి ఎదురు నిలిచినవారిలో ప్రముఖుడు అమెరికా దేశీయుడు రిచర్డ్ స్టాల్‌మన్. మూలలిఖితము అందఱికి అందవలెను, దానిని మార్చుకొనుటకును పంచుకొనుటకును అందఱికి హక్కుండవలెను అని ఆయన 1983లో గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి తన కంప్యూటరుకై ఒక వ్యవస్థాకేంద్రమును వ్రాసి బయటపెట్టెను; మరుసటి యేడు దానిని గ్నూ అనుమతిపత్రము క్రిందికి తెచ్చెను. అదియే లినక్స్. తీసికొన్నవాడు మార్చవచ్చును, అమ్ముకొననువచ్చును. కాని మార్చినదానిని ఇతరుల కిచ్చునపుడు మూలలిఖితమును కూడ ఈయవలెను. పులిజూదపు పటమును పోలిన ధర్మము. తేడా యొక్కటే – ఇచ్చట ధర్మమును కాగితముపై వ్రాసికొనిరి.

లినక్స్‌పై ఆటలు తొలినుండియు అల్పముగనే యుండెను. ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేయుచుండిన డేవ్ టేలర్ 1994లో డూమ్ అను యుద్ధపుటాటను లినక్స్‌కు తెచ్చెను. 1997 డిసెంబరులో ఆ సంస్థ డూమ్ మూలలిఖితమును బయటపెట్టగా, నాటినుండి నేటివరకు తెరయనునది ఉన్న ప్రతి యంత్రముమీదను దానిని నడిపించి చూచుట యువకులకొక వేడుకయైనది. 1998లో కాలిఫోర్నియాలో లోకీ సాఫ్ట్‌వేర్ అను సంస్థ పుట్టి, పేరుపొందిన ఆటలను లినక్స్‌కు మార్చి అమ్మజూచినది. కొనువారు చాలలేదు. 2002 జనవరిలో దుకాణము మూతపడినది. కాని ఆ సంస్థలో పనిచేసిన శామ్ లాంటింగా వ్రాసిన ఎస్‌డీఎల్ అను ఉపకరణసంచయము – తెర, ధ్వని, మీటలు వీనిని ఆటకు అందించునది – స్వేచ్ఛగా నిచ్చినదగుటచే, యజమాని పోయినను అది పోలేదు. నేడు వెలువడుచున్న అసంఖ్యాకములగు ఆటలకు అది ఆధారము. ఈ పోలికను చదువరులు జ్ఞప్తియందుంచుకొన కోరెదము; బెంగుళూరు కథయందును ఇదియే కనబడును.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ అధ్యాపకులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్ – ఈ నలువురును, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ సంస్థకు చెందిన వినయ్ దేశ్‌పాండే మున్నగువారును కలిసి, పామరజనులకు పనికివచ్చు అరచేతి కంప్యూటరు నొకదానిని సంకల్పించిరి. 1999లో అందుకై ఒక ట్రస్టు నేర్పఱచిరి. 2001 ఏప్రిలులో యంత్రమును లోకమునకు చూపిరి. దాని పేరు సింప్యూటర్. సులభము, చౌక, బహుభాషాసమన్వితము అగు ప్రజల కంప్యూటరు అని ఆ పేరునకు వివరణ. ఇంటెల్ వారి స్ట్రాంగ్‌ఆర్మ్ అను చిప్పు, చేతితో తాకిన గ్రహించు చిన్న తెర, లోపల లినక్స్. ఐఫోను పుట్టుటకు ఆఱేండ్లు ముందటి మాట యిది.

సింప్యూటరులో మాకు మిక్కిలి నచ్చిన విషయము యంత్రశక్తి కాదు. ఆ శక్తి నాటి విదేశీ అరచేతి యంత్రములకును కలదు. దానిని కల్పించినవారు మొదట వేసికొన్న ప్రశ్న వేఱు. చదువురాని రైతు దీనిని పట్టుకొనిన ఏమి చేయును? వ్రాత కనబడిన చాలదు, యంత్రము పలుకవలెను. పలుకునది వాని భాషయే కావలెను. పదివేల రూపాయల వస్తువును కొనజాలనివాడు ఏమి చేయును? ఊరంతకు ఒక్క యంత్రముండవలెను. ఒక్కొక్కరి యొద్ద తమ తమ వివరములు గల చిన్న కార్డు ఉండవలెను. ఎవరి కార్డు పెట్టిన వారికది సొంతయంత్రము కావలెను. రచ్చబండమీది ఆటపటమునకును ఇదియే న్యాయము గదా! బండ ఊరిది, కాయలు ఎవరివి వారివి. అంతియే గాక యంత్రనిర్మాణపు నమూనాను సైతము వారు దాచలేదు. తగిన షరతులపై ఎవరైనను ఆ నమూనాను గైకొని యంత్రములు చేయవచ్చును. మెఱుగుపఱచినవారు ఆ మెఱుగును కొంతకాలము పిమ్మట ట్రస్టునకు తిరిగి యీయవలెను. సాఫ్ట్‌వేరునకు మాత్రమే యుండిన స్వేచ్ఛాధర్మమును యంత్రపు ఒడలికి కూడ వర్తింపజేయుట ఆ రోజులలో సాహసమే.

2004లో పికోపెటా అను సంస్థయు, ప్రభుత్వరంగమునకు చెందిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు కలిసి అమిడా అను పేర సింప్యూటరును అంగడికి తెచ్చినవి. అన్నిటికంటె చౌకరకము వెల పదివేల రూపాయలకు కొంచెము లోపు. అమిడాలో ఒక వింత యుండెను. యంత్రమును చేతిలో వంచిన, కదలించిన, ఆ కదలికను అది గుర్తించెడిది; మణికట్టు విదిలించిన పుట తిరిగెడిది. ఇట్టి ఉపాయము ఆటలకెంత తగినదో వేఱుగా చెప్పనక్కఱలేదు. నింటెండో వారు 2006లో వీ అను ఆటయంత్రముతోను, ఆపిల్ వారు 2007లో ఐఫోనుతోను కదలికను గుర్తించు విద్యను లోకమంతట వ్యాపింపజేసిరి. అంతకు రెండు మూడేండ్ల ముందే అది బెంగుళూరులో, లినక్స్‌పై, అరచేతిలో నిలిచియుండినది.

అయినను సింప్యూటరు నిలువలేదు. కర్ణాటక ప్రభుత్వము భూమిలెక్కల పనికి కొన్నింటిని వాడినది. ఇంకను కొన్ని శాఖలు ప్రయోగములు చేసినవి. వేలకొలది యంత్రములు అమ్ముడుపోవునని తలచినచోట మొత్తము విక్రయము కొద్దివేలను దాటలేదు. కారణములు స్పష్టములే. అధికసంఖ్యలో చేసిన గాని వెల తగ్గదు. వెల తగ్గిన గాని అధికసంఖ్యలో కొనువారు లేరు. పెద్దయెత్తున కొనగల ప్రభుత్వములు ముందునకు రాలేదు. ఈలోపల సెల్‌ఫోను చౌకయై పల్లె పల్లెకు చేరినది. రైతు చేతిలోనికి యంత్రమైతే వచ్చినది గాని అది సింప్యూటరు కాదు.

ఇంతటితో కథ ముగిసినచో మేమీ వ్యాసమును వ్రాసియుండము. సింప్యూటరు పలుకుటకై రమేశ్ హరిహరన్ ధ్వని అను ఒక వ్యవస్థను ప్రారంభించియుండిరి. అక్షరములను చదివి శబ్దముగా మార్చుట దాని పని. యంత్రము అంగడినుండి తొలగిపోయినను ధ్వని మూలలిఖితము బయటనే యుండెను. కేరళకు చెందిన సంతోష్ తోట్టింగల్ దానిని చేపట్టి, మలయాళము మొదలుకొని అనేక భారతీయభాషలకు విస్తరింపజేసిరి. ఆ భాషలలో తెలుగును కలదు. అనగా, బెంగుళూరులో పుట్టి, కేరళీయుని చేత పెరిగి, తెలుగు పలుక నేర్చినదొక గొంతు. దానిని తెలుగు చేయుటకు ఏ వర్తకుని అనుమతియు అక్కఱలేకపోయెను. తెలుగువారు ఎందఱు కొందురు అని ఎవరును లెక్కవేయలేదు. తాళము వేసిన యంత్రములోని గొంతైనచో యంత్రముతోడనే అడగియుండెడిది. లోకీ దుకాణము మూతపడియు ఎస్‌డీఎల్ మిగిలినట్లే, సింప్యూటరు పోయియు ధ్వని మిగిలినది.

ఇతర దేశములలో ఇదే కాలమున నడచిన ప్రయత్నములను క్లుప్తముగా చెప్పెదము. జపాను వారి షార్ప్ సంస్థ 2001–02లో జౌరస్ అను లినక్స్ అరచేతి యంత్రములను వెలువరించినది. వానిలోను సింప్యూటరులోని స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్పే. జౌరస్‌కై చిన్న చిన్న ఆటలు వ్రాసిన బిల్ కెండ్రిక్ అను అమెరికా యువకుడు 2002లో టక్స్ పెయింట్ అను పిల్లల చిత్రలేఖనపు ప్రోగ్రామును మొదలిడెను. కొరియాలో 2005లో జీపీ2ఎక్స్ అను ఆటపెట్టె పుట్టినది. ఇది లినక్స్‌పై నడచునది, ఎవరైనను దానికి ఆటలు వ్రాసికొనవచ్చును. దానిని ప్రేమించినవారే కొందఱు ఐరోపాలో కూడి, తమకు తామే పాండోరా అను యంత్రమును రూపొందించిరి. ముందుగా సొమ్ము కట్టినవారు 2008నుండి 2010వరకు వేచియుండవలసివచ్చెను. ఓర్పునకు అదియొక పరీక్ష. వీనిలో ఏదియు అంగడిని గెలువలేదు.

గెలుపు అనదగినది వాల్వ్ అను అమెరికా సంస్థవలన వచ్చినది, అదియు ధర్మబుద్ధితో కాదు, భయముతో. వాల్వ్ వారికి స్టీమ్ అను పెద్ద ఆటలదుకాణము కలదు. ఆ ఆటలు ముఖ్యముగా మైక్రోసాఫ్ట్ వారి విండోస్‌పై నడచునవి. 2012లో వచ్చిన విండోస్ 8 తనతోడనే తన దుకాణమును తెచ్చినది. ఇంటి యజమానియే వాకిట అంగడి తెఱచిన, అద్దెకున్న వర్తకుని గతి యేమి? వాల్వ్ వారు లినక్స్ వైపు తిరిగిరి. 2013లో స్టీమ్‌ను లినక్స్‌కు తెచ్చిరి. 2015లో స్టీమ్ మెషీన్ అను పెట్టెలను అమ్మించిరి. ఆటలు చాలక అవి విఫలమయ్యెను. అపుడు వారు ఉపాయము మార్చిరి. విండోస్ ఆటలను లినక్స్‌కు తిరిగి వ్రాయుమని ఎవరిని అడిగినను వ్రాయరు. కనుక ఆట విండోస్‌కై పలుకు పిలుపులను ఆ క్షణముననే లినక్స్‌కు అర్థమగునట్లు మార్చు దుబాసీ నొకనిని నడుమ నిలిపిన చాలును. 1993నుండి స్వచ్ఛందసేవకులు పెంచుకొనివచ్చిన వైన్ అను ప్రోగ్రామే ఆ దుబాసీ. దానిపై 2018 ఆగస్టులో ప్రోటాన్ అను పేర వాల్వ్ వారు తమ కూర్పును వెలువరించి, దాని మూలలిఖితమును బయటపెట్టిరి. 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అను అరచేతి ఆటపెట్టె వచ్చినది. ఏడంగుళముల తెర, ఇంచుమించు 670 గ్రాముల బరువు, లోపల లినక్స్. కొన్నవాడు కోరిన దానిని మామూలు కంప్యూటరుగా మార్చుకొని, తనకిష్టమైనది అందు వ్రాసికొనవచ్చును. 2025లో లెనోవో సంస్థ కూడ ఇదే వ్యవస్థతో ఒక పెట్టెను వెలువరించినది. స్టీమ్ దుకాణమునకు వచ్చువారిలో లినక్స్ వాడువారు 2025 అక్టోబరులో నూటికి మూవురను దాటిరి. మూవురే గదా యని నవ్వరాదు. ఇరువది యేండ్ల క్రితము లోకీ దుకాణము మూతపడినది ఇట్టి మూవురు దొరకకయే.

ఇక మన ప్రశ్నకు వత్తము. పెట్టె తెఱచుకొన్నది, అది తెలుగు పలుకునా? స్టీమ్ దుకాణపు ముఖము 2024 నాటికి ఇంచుమించు ముప్పది భాషలలో మాటలాడుచుండెను. అందు ఫిన్నిష్, డేనిష్ వంటి కొద్దికోట్ల జనము కూడ లేని భాషలు కలవు. భారతీయభాష ఒక్కటియు లేదు. ఎనిమిది కోట్ల తెలుగువారిని వర్తకుడు లెక్కింపకపోవుటకు కారణము తలల సంఖ్య కాదు, అంగటి సొమ్ము. మఱి మన బాగేపల్లి తాలూకా తెలుగును ఎవరు లెక్కింతురు? వర్తకునికై వేచియుండుట వ్యర్థమని మా తలంపు.

దీనికి అంగటి కారణమే గాక లిపి కారణమును కలదు. ఇంగ్లీషు అక్షరములు పక్కపక్కన నిలుచును. మన అక్షరములు అట్లు కావు. ఒకటి మఱియొకదాని క్రిందికి వత్తుగా పోవును, గుణింతము తలమీదికెక్కును. యూనికోడ్ అను అంతర్జాతీయ సంకేతపట్టిక 1991నుండి తెలుగు అక్షరములకు సంఖ్యలిచ్చినది గాని, ఆ సంఖ్యలను చదివి క్షకారమును క్షకారముగా కూర్చి చూపుట వేఱొక ప్రోగ్రాము పని. ఆటలు వ్రాయు సాధనములలో పెక్కింటికి ఈ విద్య లేకపోయెను. స్త్రీ యని వ్రాసిన సకారము, తకారము, రేఫము విడివిడిగా, నడుమ పొల్లులతో, తప్పిపోయిన పిల్లలవలె నిలుచునవి. స్వేచ్ఛాలోకమున హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాము ఈ కూర్పువిద్యను సాధించి, క్రమముగా అన్నిటను చేరినది. అర్జెంటీనాలో పుట్టి 2014నుండి మూలలిఖితముతో అందఱికి లభించుచున్న గొడో అను ఆటల నిర్మాణసాధనము 2023 మార్చిలో వచ్చిన నాలుగవ కూర్పులో ఈ విద్యను గైకొనినది. నాటినుండి తెలుగు వత్తులు ఆటలో వత్తులుగనే కనబడుటకు అడ్డు లేదు. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. తన పేరు తెరమీద విఱిగి కనబడిన పిల్లవానికి చిన్నది కాదు.

తెలుగునాట పని జరుగకపోలేదు. పోతన, వేమన అను పేర్లు గల తెలుగు అక్షరరూపములు స్వేచ్ఛగా లభించి లినక్స్ కూర్పులలో చేరియున్నవి. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ 2005లో తెలుగున మాటలాడు లినక్స్ కూర్పును వెలువరించెను. ఆ సంస్థయే అయిదేండ్లు మొదలు పదునైదేండ్లవరకు గల పిల్లలకై బాలస్వేచ్ఛ అను కూర్పును సమకూర్చెను. ఆటలాడుచు అక్షరములు, లెక్కలు నేర్చుకొను సాధనములు అందు కలవు. పైన చెప్పిన టక్స్ పెయింటుకును తెలుగు అనువాదము కలదు.

కాని ఆంధ్ర, తెలంగాణములలో చేసిన తెలుగు కూర్పును తెచ్చి నాగరగెరెలోని పిల్లవాని చేతిలో పెట్టిన, వానికది ఉపయోగపడునా? ఇది మన ప్రాంతపు ప్రత్యేకసమస్య. హైదరాబాదు వారికి తోచునది కాదు. హిందూపురపు దాపున నున్న ఆ ఊరి పేరులోని గెరె చెఱువునకు కన్నడపదము. ఊరి ఇండ్లలోని మాట తెలుగు. పిల్లవాడు అమ్మతో తెలుగు మాటలాడును, బడిలో కన్నడము చదువును. తెలుగు వినిన తెలియును, తెలుగు అక్షరము చూచిన తెలియదు. ఇది నేడు పుట్టిన స్థితి కాదు. కైవారము తాతయ్యగారి తెలుగు కీర్తనలను కన్నడలిపి పుస్తకములలో చూచి పాడుకొను భక్తులు చింతామణి ప్రాంతమున నేటికిని కలరు. భాష తెలుగు, లిపి కన్నడము. పాటకు లోపమేమియు రాలేదు. మన పెద్దలు లిపికై భాషను విడువలేదు, భాషకై పొరుగువారి లిపిని కాదనలేదు.

ఈ పాత ఏర్పాటును అరచేతి పెట్టెలోనికి తెచ్చుట ఆశ్చర్యకరమగునంత సులభము. యూనికోడ్ పట్టికలో తెలుగు, కన్నడ అక్షరములు ఒకే వరుసక్రమమున అమర్చబడియున్నవి. తెలుగు కకారపు సంఖ్య 3093. కన్నడ కకారపు సంఖ్య 3221. భేదము 128. గకారమునకు, మకారమునకు, గుణింతములకు అన్నిటికి ఇదే భేదము. ఏవో కొన్ని గుర్తులు మాత్రము దీనికి వెలి. కావున ఆటలోని తెలుగు మాటలకు 128 కలుపు నాలుగు పంక్తుల ప్రోగ్రామును వ్రాసిన, ఆ మాటలే కన్నడలిపిలో కనబడును. మీట నొక్కిన తెలుగులిపి, మఱల నొక్కిన కన్నడలిపి. పిల్లవాడు తెలిసిన అక్షరములలో తన ఇంటి మాటను చదువుచు, ఆ ప్రక్కనే తెలియని అక్షరములను పోల్చుకొనుచు, ఆడుచుండగనే తెలుగు చదువ మొదలిడవచ్చును. మన రెండు లిపులు అక్కచెల్లెండ్రని పండితులు చెప్పుదురు గదా. ఆ చుట్టరికమును ఈ 128 అను సంఖ్య చక్కగా లెక్కగట్టినది. తాళము వేసిన పెట్టెలో ఇట్టి పని చేయుటకు ఎవరిని అర్థింపవలెనో కూడ తెలియదు. లినక్స్ పెట్టెలో బి.యస్.సి. చదువు కుఱ్ఱవాడు ఒక ఆదివారమున చేయగలడు.

ఆటలను ప్రోత్సహించుట తగునా యని ఇంటిపెద్దలు శంకింపవచ్చును. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పందెముగా నొడ్డు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. అట్టి ఆటలవలన కొంపలు కూలిన వార్తలు అందఱము చదివితిమి. ధర్మరాజు కథ విన్న జాతికి ఈ భయము సహజము. కాని మన పులిజూదమునకు పేరులో జూదమున్నదే గాని పందెము లేదు. మేకలు తెలివితో కూడిన పులి కట్టుబడును. తొందరపడిన మేక పోవును. ఇందు ధనము లేదు, ప్రకటనలు లేవు, రాత్రియంతయు మేలుకొలిపి కూర్చుండబెట్టు ఉపాయములు లేవు.

గొడో సాధనముతో పులిజూదమును కూర్చుట పెద్ద పని కాదు. ఇరువది మూడు చోట్లు, పదునెనిమిది కాయలు, ఎవరి వంతు ఎపుడు, పులి ఎప్పుడు దుముకవచ్చును అను నియమములు – ఇంతే. కావలసిన మాటలు ఒక పుట నిండవు. పులి, మేక, నీ వంతు, దుముకుము, పులి కట్టుబడినది, మఱల ఆడుదమా. ఈ మాటలను మన ప్రాంతపు తెలుగు యాసలో మన ఇండ్లలోని అవ్వలే పలికినచో, సెల్‌ఫోనులో రికార్డు చేసి ఆటలో చేర్చవచ్చును. ధ్వని యంత్రపు గొంతు కూడ అక్కఱలేదు. నాలుగు పులుల ఆట ఆడు ఊరివారు మూలలిఖితమును తీసికొని నాలుగవ పులిని చేర్చుకొందురు.